గడియ అటువైపు

అద్దె ఇల్లు, మేడమీది వాటా
వానలు తగ్గిన వారం

కొలబద్దక్కయ్యకి,

నీ పిచ్చుక కిచకిచలు ఆగిపోయాయని సంతోషించి ఉంటావు. ఆగలేదు. మళ్ళీ ఇల్లు మారాం. సామాన్లలోంచి కాగితం, కలం వెతికి తీసేసరికి ఇంత ఆలస్యమైంది. ఈ ఇంటావిడ కింద వాటాలోనే ఉంటుంది. మొదటిరోజే మెట్లెక్కి వచ్చి, "గోడలకి మేకులు కొట్టకూడదమ్మా, సున్నం రాలిపోతుంది" అంది. "మరి గడియారం ఎక్కడ పెట్టుకోమంటారండీ?" అంటే, "బల్లమీద పెట్టుకో, టైము అక్కడా అంతే అవుతుంది" అంది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. గడియారం ఇప్పుడు బల్లమీద వెల్లకిలా పడుకుని ఉంది.

అసలు సంగతి చెబుతాను. మన పెరట్లో నీ వాటాకీ నా వాటాకీ మధ్య ఒక కంచె వేయించాలక్కా. గోడ వద్దు. కర్ర గుంజలూ ఇనప జాలీ చాలు. నీతో తగువు పెట్టుకోవడానికి కాదులే, కంగారు పడకు. నా వైపు నాలుగు నిమ్మ మొక్కలు, కాసిని గులాబీలు వేయాలని ఉంది. నీ కోళ్ళ సంగతి నాకు తెలీదా? గుప్పెడు మెంతులు చల్లితే తెల్లారేసరికి నేలంతా దున్నిపెడతాయి. ఈలోగా మొక్కలు వేళ్ళు తన్నుకుంటే, మేం వచ్చేసరికి బావుంటుంది. మీ మరిది కూడా ఈ ఊళ్ళు తిరగడం ఇక చాలంటున్నారు. అంతకంటే ఇప్పుడేం రాయను.

ఖర్చుకి డబ్బు పంపాను. నువ్వు దగ్గరుండి చేయించు. నువ్వు కొలిస్తే దేవుడు కూడా మళ్ళీ కొలవడని నాన్న ఊరికే అనలేదు. బావగారిని అడిగానని చెప్పు. కొత్త కుర్చీ చక్రాలు బాగా తిరుగుతున్నాయా?

నీ పిచ్చుక

*

పెరటి వరండా
ఆదివారం మధ్యాహ్నం

పిచ్చుకకి,

కంచె అనే మాట చదవగానే మనసులో ముల్లు గుచ్చుకుంది. దాచను. నాన్న మనిద్దరికీ పక్కపక్కనే ఇళ్ళు కట్టించి, పెరడు మాత్రం ఒకటిగా వదిలేశారు. "ఇల్లు ఎవరిది వాళ్ళది, పెరడు మీ ఇద్దరిదీ" అనేవారు. కాగితాల్లో నడిమికి గీత ఉన్నా, నేలమీద లేదు. నీ ఇల్లు తాళం వేసి ఉన్నా, నీ వైపు కూడా నేనే ఊడుస్తాను. ఏది ఎవరిదో చీపురుకి తెలియదు కదా.

తర్వాత "మేం వచ్చేసరికి" అన్న మాట దగ్గరికొచ్చాను. ముల్లు ఊడిపోయింది. మీ బావకి రెండుసార్లు చదివి వినిపించాను. "అయితే వచ్చేస్తున్నారన్నమాట. ఇక నీకు మధ్యాహ్నం నిద్ర ఉండదు" అన్నారు.

కుర్చీ బాగానే ఉంది. పడిపోయిన కుడి చెయ్యీ కుడి కాలూ అలాగే ఉన్నాయి గాని, మనిషి మాత్రం కుదుటపడ్డారు. రోజూ పొద్దున్నే వెనక సందులోకి వెళ్తారు. అక్కడి సైకిల్ షాపు మెకానిక్ వంకరపోయిన చక్రాలు తెచ్చి ముందు పెడతాడు. ఆయన ఎడమ చేత్తో చువ్వలు బిగించి సరిచేస్తారు. ఇన్నేళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసిన చెయ్యి కదా, ఎడమదైనా మర్చిపోలేదు. మెకానిక్ కూలీ కూడా ఇస్తాడు. ఆ కూలీతో ఆయన నాకు కాఫీ పొడి కొని తెస్తారు. తెచ్చిన రోజు ఆ మొహం చూడాలి నువ్వు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, సందులోకి వెళ్ళే గేటు నీ వాటాలో ఉంది. నా వాకిలికి మెట్లున్నాయి, మెట్ల కింద మురుగు కాలువ, దాన్ని దాటితే రోడ్డు. కుర్చీ అటు దిగదు. అందుకని కంచెలో ఒక తలుపు పెట్టిస్తాను, ఆయన కుర్చీ పట్టేంత.

గుంజలు ఊరికే నేలలో పాతిస్తే చాలనుకుంటున్నాను. రేపు నువ్వొచ్చాక మొక్కలు పెద్దవై, కోళ్ళు ముసలివైతే, పీకి పొయ్యిలో పెట్టుకోవచ్చు. ఏమంటావు?

నీ అక్క

*

అద్దె ఇల్లు, మేడమీది వాటా

అక్కా,

తొందరలో రాస్తున్నాను. పీకేద్దామన్న ఆలోచన వద్దు. గుంజలు సిమెంటులో పాతించు. గీత కాగితాల్లో ఉన్నట్టే ఉండాలి, ఒక బెత్తెడు అటూ ఇటూ కాకుండా. మీ మరిది గట్టిగా చెప్పమన్నారు. ఆయన సంగతి నీకు తెలుసుగా, ఏ పనైనా ఒక్కసారే చేయాలంటారు.

తలుపు పెట్టించుకో. నేను కాదంటానా?

ఇంటావిడ నిన్న మళ్ళీ వచ్చింది. బట్టలు ఆరేసుకోవడానికి కిటికీ చువ్వకి తాడు కట్టానట. "ఇది ఇల్లనుకున్నావా, తిరనాళ్ళనుకున్నావా?" అంది. తాడు విప్పేశాను.

పిచ్చుక

*

పెరటి వరండా
చలి మొదలైంది

పిచ్చుకకి,

కంచె పూర్తయింది. నిన్న సాయంత్రం దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎందుకో కొత్త బట్టలు కట్టుకున్నట్టనిపించింది.

మొదట్నుంచీ చెబుతాను, నువ్వు ఆవులించకు. వడ్రంగి రేపూ ఎల్లుండీ అంటూ తిప్పించి తిప్పించి చివరికి వచ్చాడు. వస్తూనే, "అమ్మగారూ, ఈ కాస్త కంచెకి ఇంత కొలతలేంటండీ, కళ్ళతో చూసి పాతేస్తాను" అన్నాడు. "నీ కళ్ళకి మెల్ల ఉందో లేదో నాకు తెలీదు నాయనా, తాడు కట్టు" అన్నాను. కాగితం చేత పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి తాడు లాగాం. గీత సరిగ్గా మన చాకిరేవు రాయి అంచున పోయింది. రాయి నీ వైపు వచ్చింది. నాకు బట్టలుతుక్కోవడానికి బకెట్ చాలులే.

గుంజల అడుగుభాగానికి నేనే తారు పూశాను, చెద పట్టకుండా. వడ్రంగి సిమెంటు పోసి పోసి, "అమ్మగారూ, ఇది కోళ్ళకా, ఏనుగులకా?" అని అడిగాడు. ప్రతి గుంజా నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూశాను. ఒకటి వాలితే తీయించి మళ్ళీ పాతించాను. అతను నామీద అలిగి అన్నం మానేశాడు. బతిమాలి పెట్టాను. జాలీ కింది అంచు జానెడు లోతున మట్టిలో పూడ్పించాను, కోళ్ళు కెలికి దూరకుండా. జాలీ బిగుతుగా లాగడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. జాలీని గుంజలకి పట్టించే యూ మేకులు సగం నేను కొట్టినవే. మీ బావ వరండాలోంచి, "అది కంచె, పెద్ద మంచం కాదు. నవారు బిగించినట్టు బిగిస్తున్నావేం?" అని ఒకటే నవ్వు. అయ్యాక వడ్రంగి నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, "కంచే చేను మేస్తుందంటారు గాని, ఇది గడ్డి పరక కూడా ముట్టదండీ" అన్నాడు.

ఇక తలుపు. కుర్చీ తెచ్చి నిలబెట్టి, రెండు పక్కలా ఆయన మోచేతులు తగలనంత వదిలాను. తలుపు వాలిపోకుండా ఐమూల కర్ర వేయించాను. చివర్న వడ్రంగి అడిగాడు: "గడియ ఎటు పెట్టమంటారు?"

నేను ఆలోచించలేదు. కంచె నీది, డబ్బు నీది, ఆ తలుపులోంచి మేం వచ్చేది నీ స్థలంలోకి. గడియ నీవైపు ఉండటమే మర్యాద. "అటు పెట్టు" అన్నాను.

మీ బావ, "ఇటు పెట్టించవే. అటు పెడితే రేపు ఏదో మాటా మాటా వచ్చి ఆవిడ బిగించుకు కూర్చుంటే, నేను గాల్లో ఎగిరి వెళ్ళాలా?" అన్నారు.

"అటువైపు ఉండేది మా చెల్లెలండీ" అన్నాను.

అయినా ఆయన కోసం తలుపు పైఅంచు కాస్త తగ్గించి కోయించాను. పైనుంచి చెయ్యి వేసి మేమే తీసుకోవచ్చు. ఆయన ఎడమ చెయ్యి కూడా అందుతోంది.

ఖర్చుల లెక్క వేరే కాగితం మీద రాసి జతచేశాను. మిగిలిన యూ మేకులు కోకో డబ్బాలో నీకోసం దాచాను. ఎప్పుడొస్తున్నారో ఇకనైనా రాయి. నీ ఇంటికి వెల్ల వేయించాలి కదా.

నీ అక్క

*

అద్దె ఇల్లు, మేడమీది వాటా

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ చేతులు బొబ్బలెక్కాయని రాశావు. అంత కష్టపడమని నేను చెప్పలేదు కదా. వెన్న రాసుకో.

వెల్ల ఇప్పుడే వద్దు.

వచ్చే వారం ఒకాయన వస్తారు. రంగుల కొట్టు నడుపుతారు, మీ మరిదికి తెలిసినాయన. ఇల్లూ పెరడూ ఒకసారి చూస్తారు. తాళం తీసి చూపించు. ఏమైనా అడిగితే నీకు తెలిసినంత చెప్పు చాలు.

చెల్లి

*

వంటగది
బుధవారం

పిచ్చుకకి,

రంగుల కొట్టాయన వచ్చి వెళ్ళారు. వెల్ల వద్దన్నావు, రంగులాయన్ని పంపావు, రంగే వేయిస్తున్నావేమో అనుకున్నాను. గది గదికీ ఏ రంగు బావుంటుందో చెప్పబోయాను. ఆయన గోడలకేసి చూడలేదు. టేపు తీసి గీత వెంట కొలిచారు. కాగితంతో సరిచూసుకున్నారు. గుంజని ఊపి చూసి, "ఎవరు పాతారండీ, భలే ఉంది" అన్నారు. "నేనే దగ్గరుండి పాతించాను" అని, సిగ్గు లేకుండా, సంతోషంగా చెప్పాను.

తర్వాత ఆయన, "ఇటు రెండు కుక్కల్ని కట్టుకోవచ్చు" అని తనలో తాను అనుకున్నారు. అప్పుడే మీ బావ కుర్చీ తోసుకుంటూ వచ్చి, చెయ్యి వేసి గడియ తీసుకుని, ఆయన పక్కనుంచి సందులోకి వెళ్ళారు. ఆయన ఆ కుర్చీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డారు.

నీ పెరట్లో ఆయన కుక్కల్ని ఎందుకు కట్టుకుంటారు?

నాచేత తిప్పి తిప్పి రాయించకు. ఇల్లు అమ్ముతున్నావా?

అక్క

*

అద్దె ఇల్లు, మేడమీది వాటా

అక్కకి,

అవును. అమ్ముతున్నాం. బయానా కూడా అయిపోయింది. కంచె వేసి హద్దు చూపిస్తేనే కొంటానన్నాడాయన.

ముందే చెప్తే నువ్వేం చేసేదానివో నాకు తెలుసు. కాగితం తీసి, నడిమికి గీత గీసి, ఇటు అమ్మితే నష్టాలు, అటు అమ్మకపోతే లాభాలు అని రాసి పంపేదానివి. అన్నీ న్యాయంగానే ఉండేవి. నేను చదివి, సరేనని మానేసేదాన్ని. ఇంతవరకూ అలాగే కదా జరిగింది. అమ్మ చీరలు పంచినా నువ్వే, నాకు ఏ చదువు సరిపోతుందో తేల్చినా నువ్వే. నాకు ఏది కావాలో నువ్వు ఒక్కసారైనా అడిగావా? కొలిచి ఇచ్చావు. కొలత ఎప్పుడూ సరిగ్గానే ఉండేది, అందుకే నోరెత్తలేకపోయాను.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఊరూరా అద్దె ఇళ్ళలో బతికాను. గోడకి మేకు కొట్టాలంటే ఒకళ్ళని అడగాలి. నాకు వయసైపోతోంది. ఇక్కడ ఒక చిన్న ఇల్లు అమ్మకానికి ఉంది, రెండు గదులు. నా గోడకి నేను మేకు కొట్టుకోవాలి. అంతే నా కోరిక. అది నీకు చిన్నదిగా కనిపిస్తుంది, నువ్వెప్పుడూ ఒకళ్ళని అడగలేదు గనక.

నిమ్మ మొక్కల మాట అబద్ధమే. తిట్టాలనుంటే తిట్టు.

చెల్లి

*

వంటగది

చెల్లికి,

తిట్టను. ఇల్లు నీది. అమ్ముకునే హక్కు నీది. నాలుగు మొక్కల పేరు చెప్పి నాచేతే హద్దు గుంజలు పాతించావు, అదొక్కటీ మింగుడుపడటానికి కొన్నాళ్ళు పడుతుంది. పడనీ.

ఒక్కటే అడుగుతున్నాను. అమ్మకం కాగితంలో ఒక్క వాక్యం రాయించు: కంచె తలుపులోంచి సందు గేటు దాకా మీ బావకి దారి ఉంటుందని. పెరడు ఇద్దరిదీ అని నాన్న నోటిమాటగా అన్నదే. మీ బావకి ఇంట్లో నేనున్నాను, మందులున్నాయి, తిండి ఉంది. కాని ఆయన మనిషిగా ఉండేది ఆ సైకిల్ షాపులోనే. అది నీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆయన పడిపోయినప్పుడు ఆసుపత్రిలో రాత్రులు కూర్చున్నది నువ్వే కదా.

నీ ఇంటి మేకు గురించి నువ్వు రాసింది చదివి నాకు చిన్నదిగా కనిపించలేదు.

అక్క

*

కొత్త ఇల్లు

అక్కా,

అమ్మకం అయిపోయింది. నాకు ఆ కాగితాల మీద వాక్యాలూ గీక్యాలూ రాయించడం చేతకాదు, మీ మరిదే చూసుకున్నారు. రంగుల కొట్టాయనకి నోటితో చెప్పాను. మంచాయనే, ఇరుగుపొరుగున ఉండబోయేవాడు, కాదంటాడా? నువ్వు మర్యాదగా ఒకసారి అడుగు.

ఈ ఇల్లు చూస్తే నవ్వుతావు. వంటగదిలో ఇద్దరు నిలబడితే ఒకళ్ళు బయటికి రావాలి. అయినా తలుపు వేసుకుంటే కింద ఎవరూ లేరక్కా. పైనా ఎవరూ లేరు. గడియారం ఇంకా బల్లమీదే ఉంచాను. మేకు కొట్టలేదు. ఈ ఇంట్లో మొదటి మేకు నువ్వు కొట్టాలి. నువ్వు కొడితే వంకర పోదు. వచ్చే నెల రా. బావగారిని ఎవరికైనా అప్పజెప్పి రా.

కోపం పెట్టుకోకు.

నీ పిచ్చుక

*

వరండా

చెల్లెలికి,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. మర్యాదగా అడిగాకే రాద్దామని ఆగాను.

రంగుల కొట్టాయన సామాను దించిన రోజే గడియకి తాళంకప్ప వేశారు. మర్నాడు పొద్దున మీ బావ అలవాటుగా తలుపు దాకా వెళ్ళి, పైనుంచి చెయ్యి వేసి, చాలాసేపు తడుముకున్నారు. నేను వంటగది కిటికీలోంచి చూస్తున్నాను. తాళం అని చేతికి అర్థమైనా, మనిషి ఒప్పుకోలేదు. తర్వాత చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కుక్కలు మొరిగాయి.

నేను ముందు వాకిట్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళి అడిగాను.

"ఆ తాళం తీసి ఉంచితే మా వారు సందులోకి వెళ్తారండీ."

"కుక్కలున్నాయి కదమ్మా. రేపు కరిస్తే ఎవరిది పూచీ?"

"ఆయన వెళ్ళే సమయానికి కట్టేసుకోండి. మా చెల్లెలు మీతో చెప్పానంది."

ఆయన నిజంగానే మంచాయన, చెల్లీ. అబద్ధం చెప్పడం రాదు. "ఆ దారి సంగతి చెప్పారమ్మా" అన్నారు. "కొనేముందు నేనే అడిగాను. ఆయన కుర్చీలో ఇటునుంచే వెళ్ళడం చూశాను కదా, రేపు దారి మాదని పేచీ వస్తుందేమో, అలాగైతే నాకొద్దని చెప్పేశాను. అప్పుడు మీ చెల్లెలుగారు అన్నారు: 'గడియ ఏవైపు ఉందో మీరే చూసుకోండి. దారి వాళ్ళదైతే గడియ ఇటు పెడతారా? పెట్టించింది మా అక్క. ఆవిడ కొలత ఎప్పుడూ తప్పదు' అని. అది విన్నాకే బయానా ఇచ్చాను."

ఇంటికొచ్చేశాను.

అందరూ చెబితే ఒక లాయరు దగ్గరికి కూడా వెళ్ళాను. అంతా విని, "కంచె వేసిందెవరు?" అన్నాడు. నేనే అన్నాను. "గడియ అటు పెట్టించిందెవరు?" నేనే అన్నాను. "మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా?" లేదన్నాను. కలం మూత పెట్టేసుకున్నాడు.

మెకానిక్, ఇంకొకతనూ వచ్చి మీ బావని కుర్చీతో సహా ముందు మెట్లు దింపారు. రెండోరోజూ వచ్చారు. మూడోరోజు ఆయనే, "వద్దు నాయనా, రోజూ మోయడానికి నేనేం బస్తానా" అని నవ్వి పంపేశారు. కొన్నాళ్ళు మెకానిక్ చక్రాలు ఇంటికే తెచ్చాడు. అతనికీ పని ఉంటుంది కదా, మానేశాడు. ఇప్పుడు ఆయన పొద్దున్నే వరండాలో కూర్చుంటారు. సందులోంచి సైకిల్ బెల్లు వినిపిస్తే అటు తిరుగుతారు. నన్ను ఒక్క మాట అనలేదు. "ఇటు పెట్టించమన్నానా" అని ఒక్కసారి అంటే ఎంత తేలికయ్యేదో. అనరు.

పోయిన వారం పెద్ద గాలి వీచింది. రెండు వీధుల అవతల ప్రహరీ గోడ కూలిపోయింది. మన కంచె గుంజ ఒక్కటీ వాలలేదు. జాలీ ఒక్క చోటా సాగలేదు. రంగుల కొట్టాయన పొద్దున్నే చూసుకుని, అటువైపు నుంచి నాకు దండం పెట్టారు.

నిన్ను రాత్రింబవళ్ళు తిట్టుకోవడం లేదు. ఒక్కటి మాత్రం అర్థం చేసుకోవడానికి చూస్తున్నాను. నువ్వు నన్ను అంతగా ఎరిగినదానివి. గడియ మర్యాద కోసమే అటు పెట్టానని నీకు తెలుసు. నేనే నీకు రాశాను. అది తెలిసి, దాన్నే తీసి అతని చేతికిచ్చావు.

మొదటి మేకు నన్ను కొట్టమన్నావు. నేను రాను. ఆయన్ని అప్పజెప్పడానికి ఇక్కడ ఎవరూ లేరు, ఉన్నా రాను. మిగిలిన యూ మేకులు కోకో డబ్బాలో పెట్టి ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ చేస్తున్నాను. అవి నీ డబ్బుతో కొన్నవే, నా దగ్గర ఉండకూడదు. గడియారానికి పనికిరావు. గోడకి మామూలు మేకులు కావాలి, అవి కొట్లో దొరుకుతాయి.

నువ్వే కొట్టుకో. ఇక నువ్వు ఎవర్నీ అడగక్కర్లేదు.

అక్క